నలభై దాటాక ఐటీ: ఏ సర్టిఫికెట్‌కి డబ్బు కట్టాలి, దేనికి కట్టకూడదు

పదహారేళ్ళు నేను తిరుపతిలో యూపీఎస్‌లు, బ్యాటరీలు సర్వీసు చేశాను. లాడ్జీలు, బ్యాంకులు, ఆసుపత్రులు. కొర్లగుంట నుంచి తిరుచానూరు దాకా నా బండి పోని వీధి లేదు. బ్యాంకుల్లో యూపీఎస్ చాలాచోట్ల సర్వర్ రూములోనే ఉంటుంది. ఆ ఏసీ గదిలో యూపీఎస్ వైపు మొహం పెట్టి గంటలు గంటలు కూర్చున్నా గానీ, వీపు వెనక పచ్చగా మినుకుమనే ర్యాకులో ఏముందని ఒక్కనాడూ తిరిగి చూడలేదు. నలభయ్యో ఏట నడుము పట్టేసి, ఇక బరువులు ఎత్తకూడదని డాక్టరు తేల్చేశాక తిరిగి చూశాను.

ఇప్పుడు రేణిగుంట పక్కన ఒక ఫ్యాక్టరీలో నెట్‌వర్కు చూసుకుంటున్నా. అయిదేళ్ళయింది. అప్పట్నుంచి పెళ్ళికి పోయినా, గృహప్రవేశానికి పోయినా ఎవరో ఒకరు ఆకు దగ్గరే పట్టుకుంటారు. "అన్నా, నేనూ మారదామనుకుంటుండా. ఏ కోర్సు చేస్తే మేలు?" అడిగేవాళ్ళలో టీచర్లున్నారు, అకౌంటెంట్లున్నారు, ట్రావెల్స్ మూసేసినవాళ్ళున్నారు. అందరికీ ఒకటే జవాబు కావాలి. అలాంటి జవాబు నా దగ్గర లేదు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఇన్నేళ్ళూ ఏం పని చేశావు?

ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్ళం, మనకు మామిడి నర్సరీ సంగతి చెప్పక్కర్లేదు. నాటు మొక్క వేరు మీద మంచి జాతి కొమ్మ అంటు కడతాం. వేరు పీకేసి కొమ్మ ఒక్కదాన్నే తెచ్చి నేలలో గుచ్చితే వారంలో ఎండిపోతుంది. ఈ వయసులో మనకున్న వేరు పాత పనే.

ఇది నాకు మొదట్లో తెలియదు. తెలుసుకోవడానికి 45 వేలు ఖర్చయ్యాయి.

ఊళ్ళోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఫుల్ స్టాక్ జావాకు, అంటే ప్రోగ్రాములు రాయడం నేర్పే కోర్సుకు కట్టిన డబ్బది. ఆరు నెలల కోర్సు, వంద శాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు. క్లాసులో మిగతా అందరూ ఇరవై రెండేళ్ళ పిల్లలు, నన్ను 'అంకుల్' అనేవాళ్ళు. రెండో నెలకు నాకు లూపులు ఒంటబట్టాయి, అప్పటికి వాళ్ళు ఫ్రేమ్‌వర్కులు దాటి పోయారు. చివర్లో ప్లేస్‌మెంట్ అంటే ఏమిటంటే, బెంగళూరులో ఒక వాకిన్ డ్రైవ్ అడ్రసు వాట్సాప్‌లో పంపడం. రాత్రి బస్సెక్కి పోయా. గేటు దగ్గరే కాగితం అంటించి ఉంది: 2017, 2018 బ్యాచ్‌లు మాత్రమే. నా డిప్లొమా 1999.

ఆ గేటు దగ్గర నాకు ఒక సంగతి అర్థమైంది. ఐటీలోకి పోవడానికి రెండు వాకిళ్ళున్నాయి. ఒకటి ఫ్రెషర్ల వాకిలి, అక్కడ పాసైన సంవత్సరం చూస్తారు. మనం ఎంత చదివినా ఆ వాకిలి తెరుచుకోదు. రెండోది అనుభవం ఉన్నవాళ్ళ వాకిలి. మన పాత పదిహేనేళ్ళు లెక్కకొచ్చేది అక్కడ. ఏ సర్టిఫికెట్‌నైనా తూచేటప్పుడు ఇది చూడండి: ఇది నన్ను ఏ వాకిలి ముందు నిలబెడుతుంది?

ఫీజులు చూడక ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సినవి కొన్నున్నాయి. జీతం లేకుండా ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? ఊరు కదలగలరా లేదా? కదలలేకపోతే కదలలేనని ఇప్పుడే ఒప్పుకోండి. తిరుపతిలో పేరుకు తగ్గ సాఫ్ట్‌వేర్ ఆఫీసులు తక్కువ. ఇక్కడున్నది కాలేజీలు, ఆసుపత్రులు, హోటళ్ళు, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, కరకంబాడి బ్యాటరీ ఫ్యాక్టరీలు, తడ దగ్గర శ్రీసిటీ. వీళ్ళకు కోడు రాసేవాళ్ళకన్నా నెట్‌వర్కు, సిస్టమ్స్, ఈఆర్‌పీ (కంపెనీ లెక్కలు, సరుకు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్), రిపోర్టులు చూసేవాళ్ళే ఎక్కువ కావాలి. చెన్నైకో బెంగళూరుకో మారగలిగితే లెక్క వేరు. మొదటి జీతం తగ్గుతుందనేది కూడా ఇంట్లో ముందే చెప్పి పెట్టండి. యూపీఎస్ పనిలో నాకు 28 వేలు వచ్చేది. మొదటి ఐటీ ఉద్యోగంలో 19 వేలు. మా ఆవిడకు ఆ సంగతి ఉద్యోగంలో చేరిన రోజే చెప్పా, అది నా తప్పు.

చేతిపని చేసినవాళ్ళకు

ఎలక్ట్రీషియన్లు, సీసీటీవీ బిగించేవాళ్ళు, ఇంటర్నెట్ లైన్లు లాగినవాళ్ళు, మొబైల్ రిపేరు చేసినవాళ్ళు, నాలాంటి యూపీఎస్‌వాళ్ళు. మన ముందుకు రెండు పేర్లు వస్తాయి: కంప్టియా ఏ ప్లస్, సిస్కో సీసీఎన్ఏ.

ఏ ప్లస్‌లో రెండు పరీక్షలు. ఒక్కోదాంట్లో 90 ప్రశ్నల దాకా, 90 నిమిషాలు. 900కి మొదటిదాంట్లో 675, రెండోదాంట్లో 700 రావాలి. కంప్యూటరు విప్పి బిగించడం, ప్రింటర్లు, విండోస్ సమస్యలు, వైరస్ తీయడం, వినియోగదారుడితో మాట్లాడే పద్ధతి, అన్నీ ఉంటాయి. సిలబస్ బంగారం. కానీ రెండు పరీక్షలకూ విడివిడిగా ఫీజు కట్టాలి, మూడేళ్ళకు మళ్ళీ పునరుద్ధరించుకోవాలి. అమెరికాలో ఇది మొదటి మెట్టు. మన దగ్గర డెస్క్‌టాప్ సపోర్టు ఇంటర్వ్యూలో ఈ కాగితం అడిగినవాళ్ళను నేను చూడలేదు. ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టి 'నెట్ రావట్లేదు, చూడు' అంటారు, అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. అందుకని నా సలహా: ఏ ప్లస్‌ను చదవండి, పరీక్ష ఫీజు దాచుకోండి. ప్రొఫెసర్ మెస్సర్ అనే ఆయన ఈ పాఠాలన్నీ యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టాడు. ఇంగ్లీషు నిదానంగా, స్పష్టంగా మాట్లాడతాడు, మనకు అందుతుంది.

డబ్బు కట్టాల్సింది సీసీఎన్ఏకి, అంటే నెట్‌వర్కు పనికి సిస్కో కంపెనీ పెట్టే పరీక్షకి. పరీక్ష నంబరు 200-301, ఒకటే పరీక్ష, 120 నిమిషాలు. ఫీజు 300 డాలర్లు, పన్నుతో కలిపి 30 వేల దాకా పోతుంది. మూడేళ్ళు చెల్లుతుంది. మార్కుల్లో పెద్ద వాటా, అంటే నాలుగో వంతు, ఐపీ కనెక్టివిటీది, రూటింగ్ అన్నమాట, డేటాకు ఒక నెట్‌వర్కు నుంచి ఇంకోదానికి దారి చూపడం. నెట్‌వర్క్ మూలసూత్రాలు, స్విచింగ్ చెరో 20 శాతం. సెక్యూరిటీ 15, ఐపీ సర్వీసులు 10, ఆటోమేషన్ 10. కోడింగ్ అంటే భయమున్నవాళ్ళు ఆ ఆఖరి పదిని చూసి బెదరక్కర్లేదు, అక్కడ చదివి అర్థం చేసుకుంటే చాలు.

అందరూ జారిపడేది సబ్‌నెట్టింగ్ దగ్గర, అంటే ఒక నెట్‌వర్కు అడ్రసులను చిన్న ముక్కలుగా పంచడం. నాకు అర్థమైన తీరు చెప్తా. 256 గదుల సత్రం ఉందనుకోండి. దాన్ని నాలుగు బ్లాకులు చేస్తే బ్లాకుకు 64 గదులు. ప్రతి బ్లాకులోనూ మొదటి గది మీద బ్లాకు పేరు రాసి ఉంటుంది, దాన్ని అద్దెకివ్వరు. ఆఖరి గదిలో మైకు ఉంటుంది, అక్కడ మాట్లాడితే బ్లాకంతా వినిపిస్తుంది, దాన్నీ అద్దెకివ్వరు. మిగిలేవి 62. స్లాష్ 26 అంటే ఇంతే. మొదటిది నెట్‌వర్క్ అడ్రసు, ఆఖరిది బ్రాడ్‌కాస్ట్ అడ్రసు. తిరుపతిలో పుట్టినవాడికి ఈ లెక్క రాకపోతే ఇంకెవరికొస్తుంది?

ప్రాక్టీసుకు రూటర్లు కొననక్కర్లేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. ల్యాప్‌టాప్‌లోనే పది స్విచ్‌లు పెట్టి, కేబుళ్ళు కలిపి, చెడగొట్టి, బాగు చేసుకోవచ్చు. రోజుకు రెండు గంటల లెక్కన నాకు ఎనిమిది నెలలు పట్టింది. మొదటిసారి తప్పాను కూడా. ఈ పరీక్షలో ఒక ప్రశ్న దాటితే మళ్ళీ వెనక్కి రాలేం. కష్టమైనది చివర్లో చూద్దామనుకునే మన స్కూలు అలవాటు ఇక్కడ ముంచుతుంది. తప్పితే అయిదు రోజులు ఆగి మళ్ళీ రాయొచ్చు, ఫీజు మాత్రం మళ్ళీ మొత్తం కట్టాలి. అందుకే పరీక్ష ఖర్చు లెక్క వేసేటప్పుడు ఒకటికి రెండు ఫీజులు పక్కన పెట్టుకోండి. పాసైతే రెండోది మిగులే కదా.

రెండోసారి పాసయ్యాక ఉద్యోగం ఎలా వచ్చిందంటే, ఇంటర్వ్యూ చేసినాయన సీసీఎన్ఏ కాగితం అర నిమిషం చూశాడు. తర్వాత ఇరవై నిమిషాలు సర్వర్ రూములో కరెంటు పోతే ఏం జరుగుతుంది, బ్యాకప్ ఎంతసేపు, ఎర్తింగ్ ఎలా చూస్తావు, ఇవే అడిగాడు. జావా నేర్చుకున్న ఆరు నెలల గురించి ఒక్క ముక్క అడగలేదు.

ఇన్‌స్టిట్యూట్‌లో చేరేవాళ్ళకు ఒక గుర్తు. బోర్డు మీద ఇంకా ఎంసీఎస్ఈ అని ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. మైక్రోసాఫ్ట్ ఆ సర్టిఫికెట్‌ను 2021 జనవరితో ఆపేసింది. 'సీసీఎన్ఏ రూటింగ్ అండ్ స్విచింగ్' అని ఉన్నా అంతే, ఆ పేరు 2020 ఫిబ్రవరితో పోయింది. బోర్డే మార్చనివాళ్ళు పాఠం మారుస్తారా?

లెక్కలు రాసినవాళ్ళకు

మా బావమరిది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా అకౌంట్సు చూస్తున్నాడు. బీకాం. పోయిన సంక్రాంతికి వచ్చి, "బావా, నేను పైథాన్ నేర్చుకుంటా" అన్నాడు.

"ఎందుకురా?"

"అందరూ అదే అంటుండారు."

"నీ ఆఫీసు ఎక్సెల్ ఫైలు ఒకటి చూపించు."

చూపించాడు. ఏ రైతు ఏ రోజు ఎన్ని టన్నుల తోతాపురి తోలాడు, తూకంలో ఎంత తరుగు పోయింది, ఎంత బాకీ, ఎన్ని డ్రమ్ముల గుజ్జు వచ్చింది. ముప్పై షీట్లు, ఒకదానికొకటి ముడి. ఇంత లెక్క ఇంత శుభ్రంగా కట్టినవాడు పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాష దగ్గర ఓనమాలతో మొదలుపెట్టడం దండగ. వాడికి నేను చెప్పింది మైక్రోసాఫ్ట్ పవర్ బీఐ పరీక్ష, పీఎల్ 300.

అదేమిటంటే, చెల్లాచెదురుగా ఉన్న లెక్కలను శుభ్రం చేసి, ఒకదానితో ఒకటి కలిపి, యజమాని ఒక్క చూపులో అర్థం చేసుకునేలా బొమ్మల్లో చూపించడం. వెయ్యికి 700 వస్తే పాస్. సర్టిఫికెట్ ఏడాదికే చెల్లుతుంది గానీ, గడువు లోపల ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చిన్న పరీక్ష రాస్తే ఉచితంగా పొడిగిస్తారు. పాఠాలు మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో ఉచితం. పవర్ బీఐ డెస్క్‌టాప్ కూడా ఉచితమే, కాకపోతే విండోస్ ఉండాలి. మన దేశానికి పరీక్ష ఫీజు అమెరికా ధర కన్నా తక్కువే పెట్టారు. దీనికి జతగా ఎస్‌క్యూఎల్ నేర్చుకోవాలి, డేటాబేస్‌ను అడిగి కావాల్సిన లెక్క తీసుకునే భాష అది. సర్టిఫికెట్ అక్కర్లేదు, అందులో క్వెరీలు రాయడం వస్తే చాలు.

దీనికి పోటీ ఎస్ఏపీ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్, అందులో లెక్కలు చూసే ఫైనాన్స్ మాడ్యూలు. అకౌంట్సు వేరు మీద చక్కగా అతికే కొమ్మే. ఫ్యాక్టరీలున్న చోట పనికొస్తుంది. చిక్కల్లా శిక్షణ ఖర్చు, ప్రాక్టీసుకు సిస్టమ్ దొరకడం. ఇంకో మోసం కూడా ఉంది: ఇన్‌స్టిట్యూట్ తన లెటర్‌హెడ్ మీద ఇచ్చే 'ఎస్ఏపీ సర్టిఫికెట్' వేరు, ఎస్ఏపీ కంపెనీ పరీక్ష పెట్టి ఇచ్చేది వేరు. డబ్బు కట్టే ముందు ఏది ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. మీ ఆఫీసులోనే ఎస్ఏపీ వాడుతుంటే మాత్రం ఇంకేం ఆలోచించకుండా దాని వైపే పోండి. రోజూ చేతిలో ఉన్న సిస్టమ్ కన్నా మంచి గురువు లేడు. ట్యాలీ సర్టిఫికెట్ మీద పదేళ్ళ అనుభవజ్ఞులు ఖర్చు పెట్టడం నాకు నచ్చదు, వచ్చిన పనికే మళ్ళీ రసీదు కొనుక్కున్నట్టుంటుంది.

పాఠం చెప్పినవాళ్ళకు

ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్లు ఎక్కువగా టెస్టింగ్ గురించి, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని గురించి అడుగుతారు. అందులో మొదటి మెట్టు ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ పరీక్ష, దానికి ముందు అర్హతలేవీ లేవు. 40 ప్రశ్నలు, 26 సరిగ్గా పెట్టాలి, గంట సమయం. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళకు ఇంకో 15 నిమిషాలు ఇస్తారు, అడిగి తీసుకోండి. కాలం చెల్లిపోయే బెడద లేదు, ఒకసారి పాసైతే పాసే.

లెక్చరర్లకు ఇది ఎందుకు అతుకుతుందంటే, ప్రశ్నపత్రం తయారు చేసే బుర్రే ఇక్కడా కావాలి. కొండ మీద వృద్ధుల దర్శనానికి 65 ఏళ్ళు నిండాలి. ఆ బుకింగ్ ఫారమ్‌ను పరీక్షించమంటే కొత్తవాడు 70 కొట్టి, 30 కొట్టి, బాగుందంటాడు. టెస్టర్ 64 కొడతాడు, 65 కొడతాడు, పుట్టినరోజు రేపు అయినవాడి తేదీ కొడతాడు. తప్పులు ఎప్పుడూ గట్టు మీదే దాక్కుంటాయి. దీన్నే బౌండరీ వేల్యూ అనాలసిస్ అంటారు, పరీక్షలో తప్పక వస్తుంది.

అయితే ఈ ఒక్క కాగితంతో ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. చేత్తో మాత్రమే పరీక్షించే పనులు తగ్గిపోతున్నాయి. ఎస్‌క్యూఎల్‌తో పాటు పోస్ట్‌మ్యాన్, సెలీనియం అనే టెస్టింగ్ టూల్సు చేతికి రావాలి. ఈ ఉద్యోగాలు చాలావరకు చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో ఉంటాయి. ఊరు కదలలేని లెక్చరరుకు ఇది రెండో ఎంపికే.

లెక్కల మాస్టార్లకు ఇంకో దారుంది. ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డిగ్రీ, డేటా సైన్స్ బీఎస్. వయసు పరిమితి లేదు, జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష రాయాలి. మధ్యలో సర్టిఫికెట్‌తోనో డిప్లొమాతోనో బయటికి రావొచ్చు. మూడు నాలుగేళ్ళ ఓపిక ఉన్నవాళ్ళకు, ఇంట్లో ఇంకో జీతం ఉన్నవాళ్ళకు చెప్తా. ఆరు నెలల్లో ఉద్యోగం కావాలన్నవాళ్ళకు చెప్పను. ఒట్టి రుచి చూడాలనుకుంటే ఐఐటీలవాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తే ఒక్కో కోర్సుకు 1000 రూపాయలు.

క్లౌడ్ సంగతి

క్లౌడ్ అంటే అమెజాన్, మైక్రోసాఫ్ట్ లాంటివాళ్ళ కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడం. అందరూ అడిగేది ఇదే గనుక చెప్తున్నా గానీ, క్లౌడ్‌ను మొదటి మెట్టుగా నేను ఎంచను. నెట్‌వర్కింగ్ తెలియకుండా క్లౌడ్ నేర్చుకోవడం, వంట రాకుండా క్యాటరింగ్ కాంట్రాక్టు తీసుకోవడం లాంటిది.

అమెజాన్ క్లౌడ్ ప్రాక్టీషనర్: 65 ప్రశ్నలు, 90 నిమిషాలు, 100 డాలర్లు. మైక్రోసాఫ్ట్ వైపు దీనికి సాటి ఏజెడ్ 900, దానికి కాలం చెల్లడం లేదు. ఈ రెండూ పరిచయ పరీక్షలు. వీటితో ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఉండరు, కానీ ఇప్పటికే ఒక కంపెనీలో ఉండి లోపలే వేరే విభాగానికి జరగాలనుకునేవాళ్ళకు పనికొస్తాయి. అమ్మకాలు, కొనుగోళ్ళు చూసేవాళ్ళకు కూడా. ఉద్యోగం కోసమైతే నేరుగా అమెజాన్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్‌కు చదవండి: 150 డాలర్లు, 130 నిమిషాలు, వెయ్యికి 720. లేదా మైక్రోసాఫ్ట్ ఏజెడ్ 104. రెండింట్లో ఏదంటే, మీరు పోదలచుకున్న చోట ఏది వాడతారో అది. మన చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, కాలేజీల్లో విండోస్, ఆఫీస్ ముందే ఉంటాయి గనుక మైక్రోసాఫ్ట్ వైపు మొగ్గు ఉండటం నేను చూశాను. స్టార్టప్‌ల ఊరు బెంగళూరుకు పోయేవాళ్ళకు అమెజాన్.

ప్రాక్టీసు చేసేటప్పుడు క్రెడిట్ కార్డు నంబరు ఇవ్వాలి. ఇచ్చిన రోజే బిల్లు హెచ్చరిక పెట్టుకోండి. క్లౌడ్‌లోని కంప్యూటర్లను ఇంటర్నెట్‌కు కలిపే నాట్ గేట్‌వే అని ఒకటుంటుంది, పాఠంలో భాగంగా సృష్టించి మర్చిపోతే, వాడకపోయినా గంట లెక్కన మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఖాళీ ఆటోను వెయిటింగులో పెట్టి గుళ్ళోకి పోయినట్టు.

తక్కినవి టూకీగా

సైబర్ సెక్యూరిటీ పేరు వినగానే కళ్ళు మెరుస్తాయి. కంప్టియావాళ్ళ సెక్యూరిటీ ప్లస్ మంచిదే, 90 నిమిషాలు, 900కి 750. కానీ నెట్‌వర్కు మీద కొన్నాళ్ళు పని చేశాక. సీఐఎస్ఎస్‌పీ అనే పై స్థాయి సెక్యూరిటీ కోర్సు కొత్తవాళ్ళకు అమ్మేవాళ్ళ దగ్గర జాగ్రత్త. దానికి అయిదేళ్ళ అనుభవం కావాలి, లేకుండా పాసైతే అసోసియేట్ అనే పేరే మిగులుతుంది.

ప్రాజెక్టులు నడిపేవాళ్ళకు ఉన్న పీఎంపీ సర్టిఫికెట్ గురించి తక్కువమంది అడుగుతారు, అడగాల్సినవాళ్ళు అడగరు. బిల్డింగు పనులు, ఫ్యాక్టరీ లైన్లు నడిపించిన సూపర్‌వైజర్లు దీన్ని చూడాలి. నాలుగేళ్ళ డిగ్రీ ఉంటే 36 నెలలు, లేకపోతే 60 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ. ఆ ప్రాజెక్టులు ఐటీవే కావాలని లేదు. మీ పాత ఏళ్ళకు నేరుగా విలువ కట్టే పరీక్ష ఇదొక్కటే.

నర్సులు, ఫార్మసీవాళ్ళు, ల్యాబ్ టెక్నీషియన్లు మెడికల్ కోడింగ్ చూడొచ్చు, అంటే రోగాలకు, చికిత్సలకు కోడ్ నంబర్లు వేయడం. దీన్ని ఐటీ అనొచ్చా అంటే అనలేం, కంప్యూటరు ముందు కూర్చుని చేసే ఆసుపత్రి పని. దీనికి రాసే సీపీసీ పరీక్షలో 100 ప్రశ్నలు, నాలుగు గంటలు, 70 శాతం. కోడ్ పుస్తకాలు చూసుకుంటూ రాయొచ్చు. మా వదిన పదకొండేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి ఇందులోకి పోయింది. శరీర భాగాల పేర్లు మళ్ళీ చదవక్కర్లేకపోయిందని ఇప్పటికీ సంతోషపడుతుంది.

ప్రభుత్వ నోటిఫికేషన్ల కోసం కంప్యూటర్ అర్హత కావాలనుకునేవాళ్ళకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ ఇచ్చే ఓ లెవెల్ ఉంది. ఏడాది, నాలుగు పేపర్లు, ప్రాక్టికల్, ప్రాజెక్టు, అందులో పైథాన్, వెబ్ డిజైన్ కూడా ఉన్నాయి. ప్రైవేటు కంపెనీ ముందు దీని మాట పెద్దగా చెల్లదు.

పరీక్ష రోజు గురించి

సర్టిఫికెట్ ఎంచుకోవడం ఒక ఎత్తు, పరీక్ష గదిలో కూర్చోవడం ఇంకో ఎత్తు. పైన చెప్పినవాటిలో చాలావరకు పరీక్షలు నడిపే పియర్సన్ వ్యూ అనే కంపెనీ ద్వారా రాస్తాం, సెంటరులో గానీ ఇంట్లో గానీ.

ముందు పేరు సరిచూసుకోండి. మనవాళ్ళ పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనకుంటుంది, ఒకచోట ఒట్టి అక్షరంగా కుదించుకుపోతుంది. గుర్తింపు కార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా నమోదు చేసుకోకపోతే లోపలికి రానివ్వరు, ఫీజు పోతుంది. పాస్‌పోర్టు ఉంటే అందులో ఉన్నట్టే పెట్టండి, గొడవ ఉండదు.

ఇంట్లో రాస్తే గదిని నాలుగు వైపులా ఫోటో తీసి పంపాలి. బల్ల మీద ఏమీ ఉండకూడదు. ఎవరూ లోపలికి రాకూడదు, వస్తే పరీక్ష ఆపేస్తారు. ప్రశ్నను పెదాలతో గొణుక్కుంటూ చదివినా హెచ్చరిస్తారు, మనలో సగం మందికి ఆ అలవాటుంది. తిరుపతివాళ్ళు గంగ జాతర రోజుల్లో స్లాటు పెట్టుకోవద్దు, డప్పులు వీధిలో మోగితే అవతలి కెమెరా ముందున్న మనిషికి మనం వివరించలేం. నేను రెండోసారి చెన్నై సెంటరుకే పోయా. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడు గంటల పైచిలుకు. రైల్లో చదివింది ఏమీ రాలేదు గానీ ఇంట్లో కరెంటు గురించి బెంగ లేకుండా పోయింది. యూపీఎస్ మెకానిక్ ఇంట్లో యూపీఎస్ ఉండదు, అది వేరే కథ.

డంపులు కొనొద్దు. అసలు ప్రశ్నలు దొంగిలించి అమ్మేవి అవి. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు చేసి, మళ్ళీ రాయకుండా నిషేధిస్తారు. పట్టుబడకపోయినా ఇంటర్వ్యూలో నోరు పెగలదు.

ఇక దొంగ అనుభవం. 'మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, లక్ష కట్టండి' అని కన్సల్టెన్సీలవాళ్ళు ఫోన్ చేస్తారు. మీ పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు ఉంటుంది కదా, ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా డబ్బు కట్టారో అందులో నెల నెలా ఉంటుంది. కంపెనీలు చేరే ముందు అది చూస్తాయి. మీరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నానని చెప్పిన ఏడాదిలో మీ పీఎఫ్ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి పడుతుంటే ఏమని చెప్తారు? పైగా ఆ ఫ్యాక్టరీ అనుభవమే మీ అసలు ఆస్తి, దాన్ని దాచిపెట్టడానికి లక్ష కట్టడమేమిటి.

మా బావమరిది పైథాన్ మాట మానేశాడు. పవర్ బీఐ డౌన్‌లోడ్ చేసుకుని తన ముప్పై షీట్లలో రెండు ఎక్కించాడు, తూకం తరుగు ఏ రోజుల్లో ఎక్కువ పోతోందో బొమ్మలో కనబడేసరికి వాళ్ళ మేనేజరుకు చూపించాడట. పరీక్ష మేలో రాస్తానన్నాడు. మే నుంచి జూలై దాకా తోతాపురి సీజను, ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు బారులు తీరితే వాడికి అన్నం తినే తీరిక ఉండదు, అందుకని సెప్టెంబరులో పెట్టుకోమన్నా. ఫీజు ఇంకా కట్టలేదు. వినాయక చవితికి చిత్తూరు పోతాం, అప్పుడు ల్యాప్‌టాప్ తెరిపించి చూడాలి.